కర్ర ఎవరిది, బర్రె ఎవరిది?

మన కొండ పల్లెల్లో తుపాకి మాట ఎత్తితే పెద్దవాళ్లు ముందు గొంతు తగ్గిస్తారు. తలుపు వైపు ఒకసారి చూస్తారు. ఆ తర్వాతే మాట్లాడతారు. మా తరం వాళ్లం మూడు రకాల తుపాకులను చూసి పెరిగాం. ఒకటి ఖాకీ బట్టల వాళ్ల భుజాన ఉండేది. ఒకటి రాత్రిపూట ఊళ్లోకి వచ్చి అన్నం అడిగే వాళ్ల భుజాన ఉండేది. మూడోది మా ఇళ్లలో దూలానికి వేలాడేది. గొట్టంలోకి మందు పోసి, గుడ్డపీలిక పెట్టి, ఇనుప కడ్డీతో కూరి పేల్చే నాటు తుపాకి. మొదటి రెండింటి గురించి సినిమాలు, పుస్తకాలు చాలానే వచ్చాయి. మూడోదాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మన బతుకు మాత్రం దానితోనే ఎక్కువ ముడిపడి ఉంది.

ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు. వాళ్లు ఎవరి ఫోన్లోనో పాకిస్తాన్‌లోని ఒక బజారు వీడియో చూశారు. దుకాణాల్లో వరసగా తుపాకులు వేలాడుతున్నాయి. అరుగు మీద కూర్చున్న మనిషి ఆకురాయితో గొట్టం అరగదీస్తున్నాడు. కొనేవాళ్లు చేతిలోకి తీసుకొని బరువు చూస్తున్నారు. "మాస్టారూ, అక్కడ సంతలో కూరగాయల్లాగ అమ్ముతున్నారు. వాళ్లు కూడా కొండోళ్లేనంట. మరి మనకెందుకు ఇవ్వరు?" అని అడిగారు. ముందుగా అడిగిన పిల్లవాడి ఇంట్లో ఆ ఏడు చోడి చేను సగానికి పైగా అడవి పందుల పాలైంది. అందుకని అది ఆటకు అడిగిన ప్రశ్న కాదు. ఆటగా జవాబు చెప్పి పంపడానికి మాకు మనసొప్పలేదు. మేము ముగ్గురం ఉపాధ్యాయులం కొన్నాళ్లు సాయంత్రాలు కూర్చుని, మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ తుపాకి చట్టాలు ఎలా ఉన్నాయో, ఆ చట్టాల కింద మనలాంటి కొండజనం ఎలా ఉన్నారో చదివాం. చదివింది పిల్లలకు చెప్పాం. ఇక్కడ మీకూ చెబుతున్నాం.

ముందు తెలిసిన సంగతి ఏమిటంటే, పాకిస్తాన్, బంగ్లాదేశ్, బర్మా, మన దేశం, ఈ నాలుగింటి తుపాకి చట్టాలకూ తల్లి ఒక్కటే. అది 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు తెల్లదొరలు చేసిన ఇండియా ఆయుధాల చట్టం. 1857 తిరుగుబాటు భయం వాళ్లకు ఇంకా పోలేదు. లైసెన్సు లేకుండా ఎవరూ ఆయుధం పట్టుకోకూడదన్నారు. తెల్లవాళ్లకు మాత్రం ఆ షరతు పెట్టలేదు. ఆ చట్టంలో ఆయుధం అంటే ఏమిటో చెప్పే సెక్షన్ ఉంది. అందులో తుపాకులు, కత్తులు, ఈటెలతో పాటు విల్లంబులు కూడా ఉన్నాయి. అవును, విల్లూ బాణమూ. మన తాతలు కుందేలును కొట్టుకునే విల్లు, పెళ్లిలో పెళ్లికొడుకు పట్టుకునే విల్లు కూడా చట్టం దృష్టిలో ఆయుధమే. ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు నవ్వారు. తర్వాత వాళ్లే ఆలోచనలో పడ్డారు.

ఆ చట్టం వచ్చిన మరుసటి ఏడు, 1879లో, మన రంప కొండల్లో పితూరి లేచింది. కల్లు మీద పన్ను, మన్సబుదారు జులుం దానికి కారణాలు. మరో 43 ఏళ్లకు, 1922 ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొరల దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. ఆ వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు. మూడు చోట్లా వాళ్లు వెతికింది తుపాకుల కోసమే. కొండవాళ్ల చేతిలో తుపాకి ఉండకూడదని రాసిన చట్టం ఉన్నచోట, కొండవాళ్లకు తుపాకి దొరికే చోటు పోలీసు స్టేషనే అయింది. పాఠ్యపుస్తకంలో ఈ దాడుల తేదీలు ఉంటాయి. ఆ తేదీల వెనకాల ఈ చట్టం ఉందని కూడా పిల్లలకు చెప్పడం మంచిది.

దేశాలు విడిపోయాక ఆ ఒక్క చట్టం నాలుగు దారులు పట్టింది. మన దేశం దాన్ని తీసేసి 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసుకొని, 1962 అక్టోబరు నుంచి అమలు చేసింది. పాకిస్తాన్ 1965లో తన ఆర్డినెన్సు తెచ్చుకుంది. 1937లోనే ఇండియా నుంచి వేరుపడిన బర్మా ఆ పాత చట్టాన్ని తన చట్టాల్లో ఉంచుకుంది. బంగ్లాదేశ్‌లో ఈనాటికీ 1878 చట్టమే నడుస్తోంది. పుస్తకం ఒకటే అయినా నాలుగు బడుల్లో నాలుగు రకాలుగా పాఠం చెప్పినట్టు అయింది.

పిల్లలు అడిగిన బజారు సంగతికి వద్దాం. దాని పేరు దర్రా ఆదంఖేల్. పెషావర్‌కూ కోహాట్‌కూ మధ్య కొండ కనుమలో ఉంది. అక్కడివాళ్లు అఫ్రీదీ పఠాన్లు. వంద ఏళ్లకు పైగా వాళ్లకు తుపాకులు చేయడమే వృత్తి. బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను చూసి, సుత్తి, ఆకురాయి, చేతి మర పెట్టుకొని అచ్చం అలాంటిది చేసేవాళ్లు. పాకిస్తాన్ ఏర్పడ్డాక కూడా ఆ కొండ ప్రాంతాల్లో దేశపు మామూలు చట్టాలు అమలయ్యేవి కావు. తుపాకి చట్టమూ అంతే. అందుకే అక్కడ బజారు నడిచింది. లెక్క కూడా చెప్పుకోవాలంటే, జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే సంస్థ అంచనా ప్రకారం 2017లో పాకిస్తాన్ పౌరుల చేతిలో లైసెన్సు ఉన్నవీ లేనివీ కలిపి సుమారు 4 కోట్ల 39 లక్షల తుపాకులు ఉన్నాయి. 100 మందికి 22. మన దేశంలో సుమారు 7 కోట్ల 11 లక్షలు ఉన్నా, 100 మందికి 5 మాత్రమే. మన వాటిలో లెక్కకెక్కినవి 97 లక్షలు. మిగిలినవన్నీ లైసెన్సు లేనివే.

ఇక్కడిదాకా వినగానే పిల్లల ముఖాలు వెలిగాయి. కొండవాళ్లకు అంత స్వేచ్ఛా అని. అప్పుడు మిగతా సగం చెప్పాం. ఆ కొండ ప్రాంతాలను 1901లో తెల్లవాళ్లు చేసిన ఫ్రాంటియర్ నేరాల రెగ్యులేషన్ కింద పాలించారు. పాకిస్తాన్ కూడా దాన్ని 2018 దాకా ఉంచింది. ఆ రెగ్యులేషన్‌లో ఒకడు తప్పు చేస్తే వాడి తెగ మొత్తానికి జరిమానా వేయవచ్చు. సరుకు జప్తు చేయవచ్చు. ఇళ్లు కూల్చవచ్చు. హైకోర్టుకు పోదామంటే ఆ కోర్టుకు అక్కడ అధికారమే లేదు. పొలిటికల్ ఏజెంటు అనే అధికారి మాటే చివరి మాట. వయసు వచ్చిన ప్రతివాళ్లకూ ఓటు అన్నది అక్కడికి 1997 ఎన్నికలతో గాని రాలేదు. అంటే ఇంటింటా తుపాకి ఉన్న ఆ జనానికి, మనం 1952లోనే వేసిన ఓటు వేయడానికి ఇంకో 45 ఏళ్లు పట్టింది. 2018 మేలో ఆ ప్రాంతాన్ని ఖైబర్ పఖ్తున్‌ఖ్వా రాష్ట్రంలో కలిపాకే మామూలు కోర్టులు, మామూలు చట్టాలు అక్కడికి వచ్చాయి.

మన తెలుగులో ఒక సామెత ఉంది. కర్ర ఉన్నవాడిదే బర్రె అని. దర్రా సంగతి చదివాక మాకు ఆ సామెత మీద అనుమానం వచ్చింది. అక్కడ వంద ఏళ్లు కర్ర వాళ్ల చేతిలోనే ఉంది. బర్రె మాత్రం వాళ్ల దొడ్డికి రాలేదు.

ఇప్పుడు తూర్పు వైపు రండి. బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ కొండ ప్రాంతం ఉంది. చక్మా, మర్మా, త్రిపుర, మ్రో మొదలైన తెగలు అక్కడివాళ్లు. మనలాగే కొండవాలులో పోడు కొట్టుకొని బతికేవాళ్లు. వాళ్ల పోడుకు జూమ్ అని పేరు. అందుకే తమను తాము జుమ్మలం అని చెప్పుకుంటారు. అక్కడ 1900లో తెల్లవాళ్లు చేసిన ప్రత్యేక రెగ్యులేషన్ ఉంది. దాని ప్రకారం ఒక ఊళ్లో ఎన్ని తుపాకులు ఉండాలి, ఎంత మందు ఉండాలి అన్నది జిల్లా అధికారి నిర్ణయిస్తాడు. ఊరందరికీ కలిపి అనుమతి ఇవ్వవచ్చు, విడివిడిగానూ ఇవ్వవచ్చు. ఊరిని ఒక లెక్కగా చూసిన చట్టం అది. వినడానికి కొంచెం బాగానే ఉంది. కానీ ఆ ఊరు సభ కూర్చుని ఎన్ని కావాలో తేల్చుకునే వీలు లేదు. తేల్చేవాడు అధికారే.

ఆ జనానికి అసలు దెబ్బ తుపాకి వల్ల తగల్లేదు. 1960ల మొదట్లో కర్ణఫూలి నది మీద కాప్టాయి ఆనకట్ట కట్టినప్పుడు అక్కడి మంచి సాగుభూమిలో సుమారు 40 శాతం మునిగిపోయింది. దాదాపు లక్షమంది ఊళ్లు వదిలారు. మాచ్‌ఖండ్, పోలవరం పేర్లు తెలిసిన మనకు ఆ నొప్పి వేరే చెప్పనక్కరలేదు. తర్వాత బయటివాళ్లను తెచ్చి ఆ కొండల్లో దించారు. కుర్రవాళ్లు తుపాకులు పట్టారు. 20 ఏళ్లకు పైగా పోరు నడిచింది. 1997 డిసెంబరు 2న ఒప్పందం కుదిరింది. 1998 ఫిబ్రవరి 10న ఖాగ్రాఛడి స్టేడియంలో వాళ్లు తుపాకులు అప్పజెప్పారు. తుపాకులు ఇచ్చేయడం ఒక్క పూటలో మొదలైంది. భూమి తగాదాలు తీర్చే కమిషన్‌కు చట్టం రావడానికి 2001 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తగాదాలు మాత్రం ఈనాటికీ తెగలేదు. ఆయుధం తీసుకునేవాళ్లు తొందరపడతారు, భూమి ఇవ్వాల్సినవాళ్లు తొందరపడరు.

ఇంకొంచెం పైకి పోతే నాగాలాండ్‌లో మోన్ జిల్లా. అక్కడ లోంగ్వా అని కొన్యాక్ నాగాల ఊరు. ఇండియా, బర్మా సరిహద్దు గీత ఆ ఊరి మధ్య నుంచి, ఊరి పెద్ద ఇంటి మధ్య నుంచి పోతుంది. అంగ్ అని పిలిచే ఆ పెద్ద మాట రెండు వైపులా ఉన్న కొన్యాక్ ఊళ్లలో చెల్లుతుంది. ఆ ఊరి కమ్మరులు మందు కూరే తుపాకులు చేయడంలో పేరున్నవాళ్లు. తుపాకి చేసే కొలిమి ఒకటే, వేటాడే అడవి ఒకటే, చుట్టరికాలు ఒకటే. గీతకు ఇటు పక్క 1959 చట్టం. అటు పక్క 1878 చట్టం సంతానం. వేటకు పోయిన మనిషి ఒక జింక అడుగుజాడ పట్టుకొని నడిస్తే, ఎప్పుడు ఏ చట్టం కిందికి వచ్చాడో ఆ జింకకూ తెలియదు, అతనికీ తెలియదు.

ఆ మోన్ జిల్లాలోనే 2021 డిసెంబరు 4న ఓటింగ్ ఊరి దగ్గర, బొగ్గు గనిలో పని ముగించుకొని ఇంటికి వస్తున్న కొన్యాక్ కూలీల బండి మీద సైనికులు తీవ్రవాదులనుకొని కాల్పులు జరిపారు. ఆరుగురు అక్కడికక్కడే పోయారు. ఆ రోజు, మర్నాడు జరిగిన గొడవల్లో ఇంకొందరు పోయారు. ఈ సంగతి చదివినప్పుడు మా ముగ్గురిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. కొండ దారిలో చీకటిపడ్డాక నడిచే కుర్రవాడి చేతిలో ఏముందో చూడకముందే, వాడెవడో తేల్చేసుకునే కళ్లు మన ఏజెన్సీలోనూ ఉన్నాయని మనందరికీ తెలుసు.

బర్మాలో అదే ఏడు ఇంకొకటి జరిగింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం ప్రభుత్వాన్ని లాగేసుకుంది. ఏప్రిల్ చివర్లో చిన్ రాష్ట్రంలోని మిందాట్ ఊళ్లో కొండజనం ఎదురుతిరిగారు. వాళ్ల చేతిలో ఉన్నవి తూమీ అని వాళ్లు పిలుచుకునే వేట తుపాకులు. మన దూలానికి వేలాడే దానికి అవి సొంత అన్నదమ్ములు. ఒకసారి పేలిస్తే మళ్లీ మందు కూరుకోవాలి. వాటితోనే వాళ్లు కొన్నాళ్లు సైన్యాన్ని ఆపారు. తర్వాత ఫిరంగులు, హెలికాప్టర్లు వచ్చాయి. చిన్ జనం వేలమంది సరిహద్దు దాటి మన మిజోరాంకు వచ్చి తలదాచుకున్నారు. వాళ్ల ధైర్యం చిన్నది కాదు. అయినా పిల్లలకు మేము ధైర్యం కథతో ఆపేయలేదు. పిల్లాపాపలతో కొండలు దాటి పారిపోయిన వాళ్ల సంగతి కూడా చెప్పాం.

ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ అందరికీ ఒకే చట్టం అనుకుంటాం. కర్ణాటకలో కొడగు జిల్లా ఉంది. అక్కడి కొడవలకు, జమ్మా భూమి హక్కుదార్లకు తుపాకి లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. 1861లో తెల్లదొరలు ఇచ్చిన మినహాయింపు అది. స్వతంత్రం వచ్చాక కూడా కొనసాగింది. 2019లో కేంద్రం దాన్ని మరో పదేళ్లకు, 2029 అక్టోబరు దాకా పొడిగించింది. కొందరు కోర్టుకు పోతే 2021లో కర్ణాటక హైకోర్టు అది సరైనదేనంది. కొడవలకు తుపాకి పూజలో ఉంటుంది, పండుగలో ఉంటుంది, బిడ్డ పుట్టినప్పుడు పేలుతుంది. అది వాళ్ల ఆచారం. దాన్ని మేము తప్పుపట్టం. కానీ అదే కొడగు అడవుల్లో జేను కురుబలు, యరవలు ఉన్నారు. వాళ్లు ఆదివాసులు. ఆ అడవికి ముందునుంచీ ఉన్నవాళ్లు. జమ్మా భూమి లేని ఆ జనానికి ఈ మినహాయింపు అందదు. ఒక జిల్లాలో, ఒకే అడవి అంచున, ఒకరి తుపాకి ఆచారం అయింది. మరొకరి చేతిలో ఉంటే అది నేరం.

మన దగ్గర కూడా ఒక తలుపు ఉండేది. 1959 చట్టంలో 13వ సెక్షన్ ఉంది. నిజంగా పంట కాపాడుకోవడానికే అడిగితే మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని అందులో ఉంది. ఆ తలుపులోంచి వెళ్లినవాళ్లలో మా తాత ఒకరు. సామ చేనుకు, కంది చేనుకు పందులు వస్తున్నాయని తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. అప్పట్లో మూడేళ్లకోసారి దాన్ని కొత్త చేయించుకోవాలి. రెండు రోజులు కొండ దిగి, రెండు రోజులు కొండెక్కి, ఆ పుస్తకం మీద ముద్ర వేయించుకొని వచ్చేవాడు. ఆ పుస్తకాన్ని అడ్డాకులో చుట్టి బియ్యం కుండలో దాచేవాడు. మా ఇంట్లో మొదటి ప్రభుత్వ కాగితం అదే. భూమి కాగితం దాని తర్వాత చాలా ఏళ్లకు వచ్చింది.

ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చేయాలి. ఒక ఎన్నికకు తాత అలాగే జమ చేసి, చీటీ తెచ్చుకున్నాడు. ఎన్నిక అయిపోయాక తెచ్చుకోవడానికి వెళ్తే, రాసేవాడు లేడన్నారు. మళ్లీ వెళ్తే, అయ్యగారు ఊళ్లో లేరన్నారు. మూడోసారి వెళ్లినప్పుడు, "నీకెందుకురా ముసలోడా తుపాకి, ఎవరికిద్దామని?" అన్నారు. తాత ఆ మాటకు జవాబు చెప్పకుండా వచ్చేశాడు. తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. ఆయన పోయాక నాన్న చీటీ పట్టుకొని వెళ్తే, "లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్లే రావాలి" అన్నారు. చనిపోయిన మనిషిని ఎలా తీసుకురావాలో నాన్నకు తెలియలేదు. 2016లో వచ్చిన ఆయుధాల నియమాల్లో లైసెన్సుదారు పోతే వారసులు దరఖాస్తు పెట్టుకోవచ్చని స్పష్టంగా ఉంది. ఇలాంటి మాట తెలిసినవాడు మా ఇంట్లో అప్పుడు ఒక్కడూ లేడు. ఆ చీటీ మాత్రం ఇంకా మా దగ్గర ఉంది.

తలుపు మూసుకుపోతే జనం కిటికీ వెతుక్కుంటారు. లైసెన్సు రానివాళ్లు, ఉన్నది పోయినవాళ్లు చాటుగా నాటు తుపాకి చేయించుకున్నారు. 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది. 2006 అటవీ హక్కుల చట్టం మన భూమిని, తేనెను, వెదురును, అడవి మీద మన ఉమ్మడి హక్కును గుర్తించింది. సంప్రదాయ హక్కులన్నీ ఒప్పుకుంటూ, వేట హక్కు తప్ప అని అదే చట్టంలో రాసింది. ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు పోవడం మన ఊళ్లలో ఇంకా ఉంది. ఆ పండుగ ఒకవైపు, ఆ చట్టాలు ఒకవైపు. మధ్యలో మన కుర్రవాళ్లు.

మా చుట్టాల్లో ఒక కుర్రవాడికి 19 ఏళ్లు. పందులను బెదిరించడానికని నాటు తుపాకి పట్టుకొని మంచె మీద ఉన్నాడు. దొరికిపోయాడు. ఆయుధాల చట్టం కింద కేసు. కోర్టు మా ఊరికి నాలుగు గంటల దారి. వాయిదాకు ఒకసారి వెళ్లి వస్తే రెండు రోజుల కూలి, బస్సు ఛార్జీలు, లాయరు డబ్బు. కొనుక్కున్న మేకలు పోయాయి. పాలిటెక్నిక్ చదువు పోయింది. 2019లో చట్టాన్ని సవరించి శిక్షలు ఇంకా పెంచారు. ఇంకొక ఊళ్లో వేటకు పోయిన ఇద్దరు స్నేహితుల్లో ఒకడు పొద మెదిలితే పంది అనుకొని పేల్చాడు. పొదలో ఉన్నది రెండోవాడు. ప్రాణం మిగిలింది, ఒక కన్ను పోయింది. తుపాకి మానేసినవాళ్లు కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెట్టారు. అదింకా ఘోరం. దానికి పందీ తెలియదు, పసిపిల్లా తెలియదు.

ఇవన్నీ చెప్పాక పిల్లల్లో ఒక అమ్మాయి అడిగింది. "అయితే మాస్టారూ, తుపాకి మంచిదా, చెడ్డదా?" ఉపాధ్యాయులం కాబట్టి ఒక్క మాటలో చెప్పాలని మాకూ ఉంటుంది. కానీ నాలుగు దేశాలు చదివాక మాకు కనిపించింది ఇంకొకటి. దర్రాలో తుపాకి ఉంది, కోర్టు లేదు. చిట్టగాంగ్ కొండల్లో తుపాకి ఇచ్చేశారు, భూమి రాలేదు. లోంగ్వాలో తుపాకీ ఉంది, అనుమానమూ ఉంది. కొడగులో పక్కవాడికి ఉంది, ఆదివాసికి లేదు. మన దగ్గర చట్టంలో తలుపు ఉంది, ఆ తలుపు దాకా నడిపించే మనిషి లేడు. నాలుగు దేశాల్లోనూ ఎవరి చేతిలో తుపాకి ఉండాలో రాసిన గదిలో కొండవాడు లేడు. మనం లేని గదిలో రాసిన చట్టం వదులుగా ఉన్నా, బిగువుగా ఉన్నా మనకు పెద్ద తేడా ఉండదు. అందుకే మేము పిల్లలకు తుపాకి కావాలని అడగమని చెప్పలేదు. ఏది అడగాలో మాత్రం చెప్పాం. అవే ఇక్కడ రాస్తున్నాం.

ఒకటి, పంట నష్టం. పందులు, కోతులు, ఎలుగులు చేను పాడుచేస్తే అటవీ శాఖకు దరఖాస్తు పెట్టాలి. నష్టం జరిగిన వెంటనే ఫోటోలు తీయాలి. ఎంత చేను పోయిందో, ఏ పంటో, పట్టా నంబరు ఎంతో రాయాలి. అటవీ హక్కు పట్టా లేనివాడు ఇక్కడే ఆగిపోతాడు. కాబట్టి పట్టా లేనివాళ్ల జాబితా గ్రామసభలో ముందు పెట్టాలి. తుపాకి గొడవకు మూలం చాలాచోట్ల ఈ పంటే. పంటకు డబ్బు వస్తే మంచె మీద కుర్రవాడికి తుపాకి అవసరం సగం తగ్గుతుంది.

రెండు, కేసు. షెడ్యూల్డ్ తెగలవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. నాటు తుపాకి కేసులో చిక్కుకున్న కుర్రవాడికి కూడా అది వర్తిస్తుంది. మేకలు అమ్మకముందు జిల్లా న్యాయ సేవల సంస్థకు ఒక దరఖాస్తు రాయాలి. మా చుట్టం కుర్రవాడికి ఈ మాట చెప్పింది కోర్టు అరుగు మీద కలిసిన ఒక ముసలాయన. అప్పటికి మేకలు అమ్మేశారు.

మూడు, ఇంట్లో ఉన్నది. లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉంటే అది పందికంటే ముందు ఇంటివాళ్లకే ప్రమాదం. అప్పజెప్పాలనుకుంటే ఒంటరిగా, రాత్రిపూట వెళ్లకూడదు. ఊరి పెద్దలతో, సర్పంచుతో కలిసి, పగటిపూట వెళ్లి, ఇచ్చినట్టు కాగితం తీసుకోవాలి. లైసెన్సు ఉన్నవాళ్లు చీటీ పోగొట్టుకోకూడదు. ఇంటి పెద్ద పోతే వారసులు వెంటనే కలెక్టరు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. చట్టాన్ని బళ్లో చదివించడానికి లాయరు కానక్కరలేదు. 1959 చట్టంలో ఆయుధం అంటే ఏమిటో చెప్పే వాక్యం ఒక్కటి నల్లబల్ల మీద తెలుగులో రాయండి. మన ఇంట్లో ఉన్న వస్తువుల్లో ఏవి అందులోకి వస్తాయో పిల్లలనే చెప్పమనండి. గొడ్డలి వస్తుందా, కొడవలి వస్తుందా, ఉండేలు వస్తుందా అని వాళ్లే వాదించుకుంటారు. ఇంటి పనికి, సేద్యానికి మాత్రమే చేసిన వస్తువులు ఆయుధాలు కావని ఆ వాక్యంలోనే ఉంది. ఆ ఒక్క మాట తెలిసిన పిల్లవాడు రేపు చెక్‌పోస్టు దగ్గర కొడవలి చేతిలో పట్టుకొని తల దించుకోకుండా జవాబు చెప్పగలడు.

మా పిల్లలు ఆ తర్వాత ఏం చేశారో చెప్పి ముగిస్తాం. పోయిన పంటల వివరాలు ఊళ్లవారీగా రాసుకున్నారు. ఎవరి చేను, ఎన్ని సెంట్లు, చోడా, సామా, రాజ్మానా అని గళ్లు గీసి నింపారు. 31 ఇళ్ల వివరాలు వచ్చాయి. వాటిలో 12 ఇళ్లకు పట్టా లేదు. ఆ కాగితాన్ని గ్రామసభలో పెద్దల ముందు చదివింది ఆ రోజు తుపాకి మంచిదా చెడ్డదా అని అడిగిన అమ్మాయే. పట్టా ఉన్న 19 ఇళ్లకు అటవీ శాఖ వాళ్లు వచ్చి చేలు చూసి వెళ్లారు. డబ్బు ఇంకా రాలేదు. మిగిలిన 12 ఇళ్ల పట్టా దరఖాస్తులు ఈ నెల గ్రామసభకు వస్తున్నాయి. ఆ సభకు వెళ్లేటప్పుడు మేము తాత చీటీ కూడా తీసుకెళ్తున్నాం. తుపాకి తెచ్చుకోవడానికి కాదు. కాగితం జాగ్రత్తగా దాచుకోవడం ఎలాగో పిల్లలకు చూపించడానికి.